మా జూలీది చాదస్తం కాదు!

రాత్రి రెండు గంటలు. హాల్లో టకటకమని గోళ్ల చప్పుడు. లేచి లైటు వేశాను. మా జూలీ గోడవైపు మొహం పెట్టి నిలబడి ఉంది. అలా ఇలా కాదు, ముక్కు గోడకి ఆనించి! ‘జూలీ’ అని పిలిచాను. పలకలేదు. దగ్గరకెళ్లి వీపు మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, నన్నెప్పుడూ చూడనట్టు చూసింది. పదమూడేళ్లు నా చేతి ముద్ద తిన్న కుక్క, నన్ను చూసి గుర్రుమంది. ఆ రాత్రి నాకు మళ్లీ నిద్ర పట్టలేదు.

జూలీ మా ఇంటికి వచ్చింది 2009లో, దీపావళికి ముందు. అప్పుడు మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. మావారిది స్టీల్‌ప్లాంటులో షిఫ్టు ఉద్యోగం. పక్క క్వార్టరువాళ్ల స్పిట్జ్ నాలుగు పిల్లల్ని పెడితే, అందులో చిన్నదాన్ని మా అమ్మాయి ఒళ్లో వేసుకుని తెచ్చేసింది. ‘వద్దే తల్లీ, ఎవరు చూస్తారు’ అన్నది నేనే. చూసిందీ నేనే. ఏ ఇంట్లోనైనా ఇదే కథ కదూ!

మా జూలీకి గడియారం అక్కర్లేదు. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు... మూడూ దానికి తెలుసు. మావారు బి షిఫ్టుకి వెళ్లిన రోజు రాత్రి పదింబావుకే గుమ్మం దగ్గరకొచ్చి కూర్చునేది. పదిన్నరకి బస్సు ఆగిన చప్పుడు వినగానే తోక మొదలు. 2019లో ఆయన రిటైరయ్యారు. క్వార్టరు ఖాళీ చేసి కూర్మన్నపాలెంలో కొనుక్కున్న ఫ్లాటులోకి వచ్చేశాం. అక్కడా బాగానే సర్దుకుంది. మొదటి వారం బెంగపడ్డా, మా అత్తయ్య మంచం కింద చోటు ఖాయం చేసుకుంది.

తర్వాత మూడేళ్లకి మొదలైంది ఈ వ్యవహారం.

చీపురు దెబ్బ

మొట్టమొదట హాల్లో తడి చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అలా చేయని కుక్క. సరే, వయసైందనుకుని తుడిచాను. మర్నాడు మళ్లీ. ఆ పై వారం బయట తిప్పుకొచ్చిన పది నిమిషాలకే దేవుడి గది గుమ్మంలో చేసింది. శ్రావణ శుక్రవారం, తలంటు పోసుకుని, పసుపు కుంకాలు సర్దుకుని ఉన్నాను. ఆ కోపంలో చేతిలో ఉన్న చీపురుతో రెండు వేశాను. అది అరవలేదు. పారిపోనూ లేదు. ‘ఎందుకు కొట్టావు’ అన్నట్టు చూస్తూ నిలబడింది. కావాలని చేసిందనుకున్నాను మరి. ఆ చూపు గుర్తొస్తే ఇవాళ్టికీ చెయ్యి వణుకుతుంది.

ఇంకొన్నాళ్లకి పగలంతా నిద్ర, రాత్రంతా తిరుగుడు. సోఫాకీ గోడకీ మధ్య సందులోకి దూరి, వెనక్కి ఎలా రావాలో తెలియక అక్కడే ఏడుపు. అన్నం తిన్న అరగంటకే తిననట్టు గిన్నె దగ్గర నిలబడటం. అన్నిటికంటే విచిత్రం ఏమిటంటే, తలుపు తెరుచుకునే వైపు కాకుండా కీళ్ల వైపు నిలబడి తలుపు తీయమని గీకేది. తెరిచిన తలుపు దాని పక్కనే ఉన్నా కనపడనట్టు ఆ సందులోకే చూసేది.

మా అత్తయ్యది ఇచ్ఛాపురం. ఎనభై రెండేళ్లు. ఆవిడ మాత్రం రెండో వారంలోనే తేల్చేశారు. “దాన్ని కొట్టకే అమ్మా. దానికి మతి తప్పినాది. మా పెద్దప్పకీ ఇలాగే అయినాది కాదేటి. అన్నం తినీసి, నాకు అన్నం ఎట్నేదని ఊరంతా చెప్పీది. కోడలు పిల్ల ఎంత ఏడిచిందో!”

ఆ పెద్దప్ప సంగతి పెళ్లయిన కొత్తలో నేనూ విన్నాను. ‘గయ్యాళి ముసలమ్మ’ అనుకున్నాను. అందరూ ఆ మాటే అనేవారు. చాదస్తం అనేవారు, తిక్క అనేవారు, కోడల్ని సాధించడానికి వేషాలనేవారు. జబ్బు అన్న మాట ఒక్కరి నోటా రాలేదు.

అపార్ట్‌మెంటులో మాట వచ్చింది. రాత్రిళ్లు కుక్క ఏడుపు ఇంటికి మంచిది కాదని ఒకరు, పిల్లలకి పరీక్షలని ఇంకొకరు. పరీక్షల మాటలో న్యాయం ఉంది, కాదనను. ఒక రాత్రి విసుగొచ్చి బాల్కనీలో పెట్టి తలుపేశాను. అప్పుడు ఇంకా ఎక్కువ ఏడ్చింది. దగ్గరి బంధువొకాయన సలహా ఇచ్చారు: “కారులో ఎక్కించి అనకాపల్లి దాటాక హైవే పక్కన వదిలేద్దాం వదినా, ఏ హోటలు దగ్గరో ఎంగిళ్లు తిని బతుకుతుంది.” నిజం చెప్పొద్దూ... ఒక్క క్షణం, ఒక్క క్షణమే, ‘పీడా వదులుతుంది’ అనిపించింది. పెంపుడు జంతువుని అలా దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని తర్వాత తెలిసింది. చట్టం సంగతి అలా ఉంచండి. తన ఇంట్లో తలుపు ఎటుందో తెలియని కుక్క, లారీలు పోయే రోడ్డు మీద ఎంతసేపు బతుకుతుంది?

డాక్టరుగారు ఏమన్నారంటే...

మొదట చూపించిన చోట ‘ముసలిదైందమ్మా, ఏం చేస్తాం’ అని పంపేశారు. అంతే అనుకున్నాం. సియాటిల్‌లో ఉన్న మా అమ్మాయి ఫోనులో జూలీని చూసి, తలుపు కీలు దగ్గర నిలబడటం గమనించి, ‘అమ్మా, ఇంకో డాక్టరుకి చూపించు, ఈ లక్షణానికి పేరుంది’ అంది. రెండో డాక్టరుగారు చాలా ఓపికమంతుడు. గంటసేపు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగారు. దారి తప్పుతోందా, మనుషుల్ని గుర్తుపడుతోందా, నిద్ర ఎప్పుడు, మలమూత్రాలు ఎక్కడ, ఆటల మీద ఆసక్తి ఉందా, ఊరికే భయపడుతోందా... ఒక్కొక్కటీ రాసుకున్నారు.

తర్వాత రక్తం, మూత్రం పరీక్షలు. ఎందుకంటే ఇవే లక్షణాలు వేరే జబ్బుల్లోనూ కనిపిస్తాయట. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇంట్లో తడి చేస్తుంది. కిడ్నీలు దెబ్బతిన్నా, షుగరున్నా అంతే. కీళ్ల నొప్పులున్నది రాత్రిళ్లు పడుకోలేదు. శుక్లాలొచ్చి చూపు తగ్గినా, చెవులు వినపడకపోయినా గోడలకి గుద్దుకుంటుంది, పిలిస్తే పలకదు. మన తీరప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరాలు ఉండనే ఉన్నాయి. అవన్నీ కాదని తేలాకే మెదడు జబ్బు అనాలి. ఇది ఉందని నేరుగా చెప్పేసే రక్తపరీక్ష ఏదీ లేదు. జూలీకి కంటిలో కాస్త శుక్లం, వెనక కాలి కీళ్లలో కాస్త అరుగుదల ఉన్నాయి. అవి మాత్రమే ఇంత గందరగోళం చేయవన్నారు.

జబ్బు పేరు కెనైన్ కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్. మన మాటల్లో కుక్కల మతిమరుపు జబ్బు. మనుషుల అల్జీమర్స్‌కి చుట్టం. ఇదేదో అరుదైన రోగమనుకునేరు! అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీవాళ్లు 2001లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం 11-12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15-16 ఏళ్ల వాటిలో 68 శాతానికి ఈ లక్షణాల్లో కనీసం ఒక్కటైనా ఉంది. అంటే మన వీధిలో ఉన్న ముసలి కుక్కల్లో చాలావాటికి ఉండే ఉంటుంది. మనకి తెలియక ‘పిచ్చి కుక్క’ అని రాయి విసురుతుంటాం.

మెదడులో కాపలాదారులు

ఇంతకీ ఆ బుర్రలో ఏం జరుగుతోంది? డాక్టరుగారు బొమ్మ గీసి చెప్పారు. మిగతాది మా అమ్మాయి వారం వారం ఫోనులో పాఠం చెప్పింది. డిగ్రీలో జువాలజీ చదివిన నాకు ముప్పై ఐదేళ్ల తర్వాత మళ్లీ క్లాసు!

మెదడంటే నరాల కణాలే అనుకుంటాం. వాటితోపాటు మైక్రోగ్లియా అనే కణాలు కూడా ఉంటాయి. మెదడు కణాల్లో ఇంచుమించు పదో వంతు ఇవే. మెదడుకి సొంత రక్షణ దళం అన్నమాట. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఓర్తెగా వీటిని విడిగా గుర్తించి పేరుపెట్టారు. తమాషా ఏమిటంటే ఇవి మెదడులో పుట్టినవి కావు. పిండం దశలోనే బయటినుంచి వలస వచ్చి స్థిరపడతాయి. విశాఖలో మా అందరిలాగే! పోర్టు కోసం ఒకరు, షిప్‌యార్డు కోసం ఒకరు, ఉక్కు కోసం ఒకరు... వలసొచ్చి ఇక్కడివాళ్లమైపోలేదూ?

వయసులో ఉన్న మెదడులో ఒక్కొక్క మైక్రోగ్లియా కణం సన్నటి పొడవాటి చేతులు చాపి చుట్టుపక్కల ఎప్పుడూ తడుముతూ ఉంటుంది. మా కాలనీలో కర్రతో టకటకలాడిస్తూ తిరిగే గూర్ఖాలాగ. చచ్చిన కణం కనబడితే తినేస్తుంది. చెత్త పేరుకుంటే ఊడ్చేస్తుంది. సూక్ష్మజీవి వస్తే ఎదిరిస్తుంది. పిల్లల మెదడు ఎదిగేటప్పుడు, నరాల మధ్య అక్కర్లేని లంకెల్ని కత్తిరించి పారేసేదీ ఇదే. తోటమాలి కొమ్మలు కత్తిరించినట్టు.

వయసు పైబడ్డాక వీటి రూపమే మారుతుంది. ఆ సన్నటి చేతులు కురచబడి, ముక్కలైపోతాయి. కొన్ని ఒళ్లు ఉబ్బి గుండ్రంగా తయారవుతాయి. ఊడ్చే ఓపిక తగ్గుతుంది, చిరాకు పెరుగుతుంది! చిన్న కదలిక కనబడితే చాలు, వాపు పుట్టించే రసాయనాల్ని విడుదల చేస్తాయి. పని అయ్యాక ఆపడం మర్చిపోతాయి. మావారికి ఇది వెంటనే అర్థమైంది. “మా ప్లాంటులో సైరన్ మోగాలి. మోగకపోతే ప్రమాదం. అలాగని ఒకసారి మోగి ఇక ఆగకపోతే, మనుషులు పని చేసేదెలా?” అన్నారు. ఆ ఆగని వాపు పక్కనున్న మంచి కణాల్నీ దెబ్బతీస్తుంది. ఎలుకల్లో చేసిన ప్రయోగాల్లోనైతే, ఈ కణాలు నరాల మధ్య ఉన్న మంచి లంకెల్ని కూడా తినేయడం కనిపించింది. కంచే చేను మేసినట్టు.

ముసలి కుక్కల మెదళ్లలో అమిలాయిడ్ అనే ప్రొటీను గడ్డలుగా పేరుకుంటుంది. మనిషి అల్జీమర్స్‌లో పేరుకునేదీ, కుక్కలో పేరుకునేదీ ఒకటే ప్రొటీను. అందుకే చాలాకాలం తప్పంతా దానిదే అనుకున్నారు. జపాన్ పరిశోధకులు 2016లో ప్రకటించిన పరిశీలన ఇంకో మాట చెప్పింది. చనిపోయిన ముసలి కుక్కల మెదళ్లు పరీక్షిస్తే, అమిలాయిడ్ వయసుని బట్టి పెరుగుతోంది తప్ప, మతి తప్పిన కుక్కకీ తప్పని కుక్కకీ అందులో తేడా తేలలేదట. తేడా తేలింది మైక్రోగ్లియాలో. మతి తప్పినవాటిలో ఆ కణాలు ఎక్కువగా ఉన్నాయి. కణాల్లో విరిగిపోయి మిగిలిన ప్రొటీను తుక్కూ ఎక్కువే. చెత్త ఉందా లేదా అన్నది ఒక్కటే కాదు, ఊడ్చేవాడు ఎలా ఉన్నాడన్నదీ ముఖ్యమే అన్నమాట! అయితే కాపలాదారు పాడవడం వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల కాపలాదారు పాడయ్యాడా అన్నది ఇంకా తేలని లెక్క. మనుషుల్లో 2013లో దొరికిన ఒక ఆధారం మొదటి మాట వైపు మొగ్గుతుంది. ట్రెమ్-2 అనే జీన్‌లో తేడా ఉన్నవాళ్లకి అల్జీమర్స్ ముప్పు ఎక్కువ. ఆ జీన్ పనిచేసేది మెదడులో ముఖ్యంగా మైక్రోగ్లియాలోనే.

ఇదంతా విని నేనడిగిన ప్రశ్న ఒకటే. “మరి మందుందా?”

మందు కొంత, మనం కొంత

ఆ కణాల్ని దారిలో పెట్టే మందు మన పశువైద్యుల చేతికి ఇంకా రాలేదు. సెలిజిలిన్ అనే మందుంది. మనుషులకి పార్కిన్‌సన్స్ జబ్బులో వాడేదే. కుక్కల మతిమరుపుకి అమెరికాలో 1998లో అనుమతించారు. కొన్నింటికి గుణం కనిపిస్తుంది, కొన్నింటికి లేదు. వేరే కొన్ని మందులతో కలిస్తే ప్రమాదం కూడా. కాబట్టి డాక్టరు రాస్తేనే, రాసినంతే. జూలీకి రెండు నెలలు ఇచ్చాక రాత్రి తిరుగుడు సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర పావు ముక్క వేసేద్దామని మాత్రం ఎప్పుడూ అనుకోకండి. నేను అనుకున్నాను కనుక చెబుతున్నాను. డాక్టరుగారు గట్టిగా కసిరారు.

తిండి సంగతీ ఉంది. ముసలి బీగిల్ కుక్కల మీద రెండేళ్లకి పైగా చేసిన ప్రయోగం ఫలితాలు 2005లో వచ్చాయి. పండ్లు, కూరగాయలు, విటమిన్లు కలిసిన తిండి పెట్టడంతోపాటు తోడు, ఆటలు, నడక, కొత్త పనులు నేర్పడం... ఈ రెండూ కలిపి చేసినవి అన్నిటికంటే మెరుగ్గా నిలిచాయి. ఏదో ఒక్కటే చేస్తే అంత ఫలితం లేదు. మేం జూలీకి అన్నంలో ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్, ముల్లు తీసిన చేప కలుపుతున్నాం. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కలకి విషం, దగ్గరికి రానీయకూడదు. మా పక్కింటావిడ కొబ్బరినూనె గరిటెడు పోయమంది. కొబ్బరినూనెలో ఉండే ఒకరకం కొవ్వుతో తయారుచేసిన ప్రత్యేక ఆహారం మీద పరిశోధనలున్నమాట నిజమే. నూనె గరిటెలతో పోస్తే మాత్రం విరేచనాలే కాదు, క్లోమం వాచే ప్రమాదమూ ఉందట.

మా అమ్మాయి ఉన్న ఊళ్లోని వాషింగ్టన్ యూనివర్సిటీవాళ్లు, మరికొందరూ కలిసి అమెరికాలో వేలాది పెంపుడు కుక్కల్ని గమనిస్తున్నారు. దాదాపు 15 వేల కుక్కల వివరాలతో 2022లో ఒక లెక్క వేశారు. పదేళ్లు దాటాక ఒక్కొక్క ఏడాదికీ ఈ జబ్బు అవకాశం 52 శాతం చొప్పున పెరుగుతోందట. చురుగ్గా తిరిగే కుక్కలతో పోలిస్తే కదలని కుక్కల్లో దాదాపు ఆరున్నర రెట్లు ఎక్కువట. ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. కదలకపోవడం వల్ల జబ్బు రావచ్చు, జబ్బు వచ్చినందుకే కదలకపోనూవచ్చు. ఏదైతేనేం, నడక వల్ల పోయేదేమీ లేదని, ఎండెక్కకముందే మావారు దాన్ని తీసుకెళ్తున్నారు. మునుపు అరగంటలో తిరిగే దారికి ఇప్పుడు గంట. ప్రతి స్తంభమూ వాసన చూడాలి దానికి. ఆయనకి వచ్చిన బీపీ కూడా కాస్త తగ్గింది!

ఇంట్లో చేసిన మార్పులు చిన్నవే. రాత్రంతా హాల్లో జీరో బల్బు. నున్నటి టైల్స్ మీద కాలు జారకుండా మంచం నుంచి నీళ్ల గిన్నె దాకా పాత పట్టాలు పరిచాను. సోఫా వెనక సందు మూసేశాం. సంక్రాంతికి సామాను మార్చి సర్దే నా అలవాటు మానుకున్నాను. వస్తువు చోటు మారితే దానికి ప్రపంచమే మారిపోతుంది. పడుకునేముందు ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి బయటికి తీసుకెళ్తాం. అయినా తడి చేస్తే తుడుస్తాను, అంతే. వెనకనుంచి ముట్టుకోకుండా, ముందుకొచ్చి చెయ్యి వాసన చూపించి పిలుస్తాను. గుర్రుమనడం మానేసింది. గుర్తుపట్టి మానేసిందో, ఎవరో మంచావిడలే అనుకుని మానేసిందో మరి!

కింది ఫ్లాటులో పదో తరగతి అబ్బాయి వాళ్లమ్మని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, “మా మావగారు కూడా రాత్రిళ్లు ఇలాగే తిరుగుతారండీ, రాజాంలో. మా తోటికోడలు గదికి గొళ్లెం పెడుతుంది” అంది. మర్నాడే ఊరికి ఫోను చేసిందట, డాక్టరుకి చూపించమని. మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో ప్రకటించిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వాళ్లలో ఎంతమంది గదులకి గొళ్లేలున్నాయో!

నాకూ భయం పట్టుకుంది. పెద్దప్ప తోడబుట్టిన అత్తయ్యని కూడా నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ముప్పై మార్కుల జ్ఞాపకశక్తి పరీక్ష పెడితే, చదువు రాని మనిషి, చదివే రాసే ప్రశ్నలు పోను మిగతా అన్నిటికీ ఠకీమని చెప్పారు. పైగా “మా కుక్కకీ ఇదే పరీచ్చ పెడతారేటి బాబూ?” అని డాక్టరునే అడిగారు. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. ఆవిడకి తెలుగెంత వచ్చో ఒడియా అంత వచ్చు, సరిహద్దు మనిషి కదా. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల్ని పరిశీలించి 2013లో ప్రకటించిన విషయం అప్పుడే విన్నాను. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడిందట, చదువుకోనివాళ్లలో కూడా. అత్తయ్యకి చెబితే మురిసిపోయి, ఆ వేళ నుంచి జూలీతో ఒడియాలోనే మాట్లాడుతున్నారు!

జూలీకి ఇప్పుడు పదిహేనో ఏడు నడుస్తోంది. తగ్గే జబ్బు కాదని తెలుసు. రాత్రి పదింబావు అయ్యేసరికి ఎక్కడున్నా లేచి, తడుముకుంటూ తలుపు దగ్గరకి వెళ్తుంది. కీళ్ల వైపే నిలబడుతుంది. మావారు దాని వెనకే సోఫాలో కూర్చుని ఉంటారు. అయినా అది ఆయన కోసమే చూస్తుంది, బి షిఫ్టు బస్సు కోసం. మొదట్లో ‘ఇక్కడే ఉన్నానే’ అని ఆయన దాని మొహం తిప్పేవారు. అది విదిలించుకుని మళ్లీ తలుపు వైపే తిరిగేది, కుంయ్ కుంయ్‌మని ఏడుస్తూ.

ఇప్పుడు మావారు ఆ పని మానేశారు. పదిన్నరకి లేచి, చెప్పులు వేసుకుని, మెల్లిగా దాన్ని తప్పించుకుని బయటికి వెళ్తారు. వరండాలో ఒక నిమిషం నిలబడతారు. బెల్లు కొడతారు. నేను వెళ్లి తలుపు తీస్తాను. జూలీ ఆయన కాళ్లు వాసన చూసి, తోక ఊపి, అత్తయ్య మంచం కిందకి వెళ్లి పడుకుంటుంది.